జైల్లోంచి వెలువడిన వారపత్రిక: జేమ్స్ అగస్టస్ హిక్కీ జీవితం

 

ఈ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు తప్పించుకోవాలనే చూశాను. నేను ఇంజనీర్ని, డ్రాయింగులు అడిగితే గీసిస్తాను గానీ వ్యాసాలు నావల్ల కాదన్నాను. ఆయన వదల్లేదు. తొమ్మిదో తరగతిలో గోడపత్రిక నడిపినవాడివి, రాయడం రాదంటే ఎవరు నమ్ముతారని నవ్వాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు కానీ, ఆ మాట వినగానే నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ గోడపత్రిక ఎలా ఆగిపోయిందో మా బ్యాచ్ వాళ్లలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

అప్పట్లో మేం నలుగురం ప్రతి శనివారం ఒక డ్రాయింగు షీటు మీద చేతిరాతతో పత్రిక తయారుచేసి, గంట కొట్టే చోటు పక్కన ఉన్న బోర్డుకు అంటించేవాళ్లం. క్రికెట్ స్కోర్లు, పొడుపు కథలు, కారిపోతున్న నీళ్ల ట్యాంకు, కిటికీ రెక్కలు లేని తొమ్మిది-బి గది గురించి రాసేవాళ్లం. ట్యాంకు గురించి రాసిన వారంలోనే మేస్త్రీ వచ్చి బాగుచేశాడు. దాంతో మాకు కొమ్ములు మొలిచాయి. ఆ తర్వాత ఒక శనివారం, బడి ఆవరణలోని చింతకాయలు అటెండరు రాత్రిపూట అమ్ముకుంటున్నాడని, ఆయనకొక వెటకారపు పేరు పెట్టి మరీ రాశాం. రాసింది నేనే. ఇంటర్వెల్ లోపే షీటు చిరిగి బోర్డు కింద పడి ఉంది. పత్రిక అక్కడితో ఆగిపోయింది.

మమ్మల్ని పిలిపించిన సోషల్ మాస్టారు బెత్తం తీయలేదు. పాఠ్యపుస్తకంలో ఒక ప్రశ్న ఉంటుంది, భారతదేశంలో తొలి వార్తాపత్రిక ఏది అని. జవాబు బెంగాల్ గెజిట్, 1780 అని బట్టీపట్టి రాస్తారు. పెద్దయ్యాక ఆ పత్రిక నడిపిన హిక్కీ కథ మొత్తం చదవరా, నీకు రెండు సంగతులు తెలుస్తాయి అన్నారు. ఆ రెండూ ఏమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

తర్వాత ఉద్యోగరీత్యా రెండేళ్లు కోల్‌కతాలో ఉన్నప్పుడు ఆ కథ వెతుక్కుని చదివాను. చదివినది మీతో పంచుకోవాలనిపించింది.

అప్పటి కలకత్తా

హిక్కీ కథ అర్థం కావాలంటే ముందు ఆయన బతికిన ఊరు గురించి తెలియాలి. 1770ల కలకత్తా అంటే ఈస్టిండియా కంపెనీ పాలనకు గుండెకాయ. 1770 కరువులో బెంగాల్ గ్రామాలు ఖాళీ అయిపోయినా, కంపెనీ ఉద్యోగుల సంపాదన ఆగలేదు. 1773లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన రెగ్యులేటింగ్ చట్టంతో వారన్ హేస్టింగ్స్ తొలి గవర్నర్ జనరల్ అయ్యాడు. ఆయనతో పాటు నలుగురు సభ్యుల కౌన్సిల్, 1774లో ఒక సుప్రీంకోర్టు ఏర్పడ్డాయి. కోర్టుకు ప్రధాన న్యాయమూర్తి ఎలైజా ఇంపీ. హేస్టింగ్స్, ఇంపీ ఒకే బడిలో చదువుకున్న పాత స్నేహితులు. హేస్టింగ్స్ లంచం తీసుకున్నాడని ఆరోపించిన మహారాజా నందకుమార్‌పై ఫోర్జరీ కేసు నడవడం, ఇంపీ కోర్టు ఆయనకు మరణశిక్ష వేయడం, 1775 ఆగస్టులో ఉరి తీయడం అందరికీ తెలిసిన చరిత్రే.

కౌన్సిల్‌లో ఫిలిప్ ఫ్రాన్సిస్ అనే సభ్యుడికీ హేస్టింగ్స్‌కీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. 1780 ఆగస్టులో ఇద్దరూ పిస్తోళ్లతో ద్వంద్వయుద్ధం కూడా చేసుకున్నారు. ఫ్రాన్సిస్‌కు గాయమైంది. ఇలాంటి ఊళ్లో 1780 దాకా ఒక్క వార్తాపత్రిక కూడా లేదు. పెట్టాలని చూసినవాళ్లు లేకపోలేదు. 1768లో విలియం బోల్ట్స్ అనే మాజీ కంపెనీ ఉద్యోగి, ఊరికి అచ్చుయంత్రం లేని లోటు తీర్చుతానంటూ నోటీసు అంటించాడు. కంపెనీవారు ఆయనను ఓడ ఎక్కించి దేశం నుంచే పంపించేశారు. ఆ తర్వాత పన్నెండేళ్ల దాకా ఎవరూ పత్రిక జోలికి వెళ్లలేదు.

అప్పులు, జైలు, అచ్చుయంత్రం

జేమ్స్ అగస్టస్ హిక్కీ 1740 ప్రాంతంలో ఐర్లండులో పుట్టాడు. కుర్రతనంలో లండన్ చేరి విలియం ఫాడెన్ అనే ముద్రాపకుడి దగ్గర పనికి కుదిరాడు. అక్షరాలు కూర్చడం, సిరా పూయడం, కాగితం తడిపి ఒత్తడం అక్కడే నేర్చుకున్నాడు. ఆ పనిలో నిలదొక్కుకోకుండానే ఒక లాయరు దగ్గర గుమాస్తాగా చేరాడు. అదీ వదిలేశాడు. చివరికి ఓడ వైద్యుడికి సహాయకుడిగా ఉద్యోగం సంపాదించి, 1772 ప్రాంతంలో కలకత్తా వైపు ప్రయాణం కట్టాడు. అప్పట్లో ఇండియా వెళ్లిన తెల్లవాళ్లు నాలుగేళ్లలో నవాబుల్లా తిరిగొస్తున్నారన్న పేరు ఉండేది. ఆయనా ఆ ఆశతోనే వచ్చి ఉంటాడు.

కలకత్తాలో కొంత వైద్యం, కొంత వ్యాపారం చేశాడు. అప్పు తెచ్చి ఓడ సరుకు వ్యాపారంలోకి దిగాడు. 1776లో ఆయన ఓడ సరుకంతా పాడైపోయి తిరిగొచ్చింది. అప్పులవాళ్లు చుట్టుముట్టారు. ఆ ఏడాది అక్టోబరులో అప్పు తీర్చలేని నేరానికి జైలుపాలయ్యాడు.

ఇంకొకరైతే ఆ జైల్లోనే మంచంపట్టి పోయేవారు. హిక్కీకి లండన్‌లో చేతికొచ్చిన విద్య గుర్తొచ్చింది. ఎలాగో కొన్ని సీసపు అక్షరాలు, ఒక కర్ర యంత్రం సమకూర్చుకుని 1777లో జైల్లోనే అచ్చుపని మొదలుపెట్టాడు. నోటీసులు, ఫారాలు, క్యాలెండర్ల లాంటి చిల్లర పనులు చేశాడు. మనలో నలభై దాటినవాళ్లకి ఊళ్లో ట్రెడిల్ ప్రెస్సులు గుర్తుండే ఉంటాయి. పెళ్లి శుభలేఖలు, సినిమా కరపత్రాలు, మన పరీక్ష ప్రశ్నపత్రాలు వాటిలోనే అచ్చయ్యేవి. హిక్కీ యంత్రం వాటికన్నా మొరటుది. ప్రతి కాగితానికీ సిరా రాసి, బల్ల లోపలికి నెట్టి, పిడి పట్టుకుని బలంగా లాగాలి. ఒక అక్షరం అరిగితే కొత్తది దొరకడం కష్టం.

కొంతకాలానికి విలియం హిక్కీ అనే లాయరు వాదించి ఆయనను అప్పుల కేసుల నుంచి బయటపడేశాడు. ఇంటిపేరు ఒకటే అయినా ఇద్దరికీ బంధుత్వం లేదు. 1779లో సర్వసేనాని అయిర్ కూట్ సైన్యం కోసం కొత్త నిబంధనల పుస్తకం అచ్చువేసే పని హిక్కీకి అప్పగించాడు. అది పెద్ద పని. ఆశపడి ఉన్నదంతా పెట్టి అచ్చు మొదలుపెట్టాడు. కంపెనీ అధికారులు ఆ పనికి అడుగడుగునా అడ్డుతగిలారు. బిల్లు ఏళ్ల తరబడి నానింది. చివరికి ముట్టింది ఆయన అడిగినదాంట్లో చిన్న వంతే. ప్రభుత్వ కాంట్రాక్టు పనులు చేసి బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మన మిత్రులకు ఈ భాగం విడమరిచి చెప్పనక్కర్లేదు.

శనివారం పత్రిక

1780 జనవరి 29, శనివారం. హిక్కీ బెంగాల్ గెజిట్ తొలి సంచిక బయటికొచ్చింది. నాలుగు పేజీలు. మన పాత లాంగ్ నోటుబుక్కు కంటే కాస్త పెద్ద సైజు, పేజీకి మూడు కాలాలు. వెల ఒక రూపాయి. ఆ రోజుల్లో అది కూలీనాలీ చేసుకునేవారికి అందే ధర కాదు. కొన్నది ఎక్కువగా తెల్లవాళ్లే. ఇది రాజకీయ, వాణిజ్య వారపత్రిక అని, తలుపులు అన్ని పక్షాలకూ తెరిచే ఉంటాయని, తాను మాత్రం ఏ పక్షానికీ లొంగనని హిక్కీ ప్రకటించుకున్నాడు.

మొదట్లో పత్రికలో వివాదాలేమీ లేవు. సగానికి పైగా ప్రకటనలే. ఇల్లు అద్దెకు, గుర్రం అమ్మకానికి, ఓడలో వచ్చిన ద్రాక్షసారా సీసాలు ఫలానా గోడౌనులో. యూరప్ వార్తలు నెలల తరబడి ఓడలో ప్రయాణించి పాతబడి వచ్చేవి. పద్యాలకు ఒక మూల కేటాయించాడు. పాఠకుల ఉత్తరాలు వేశాడు. ఈ ఉత్తరాల వల్లే ఆ కాగితం ఒక నగర పత్రిక అయిందని నా అభిప్రాయం. వీధుల్లో కుళ్లు, గుంతలు పడ్డ రోడ్లు, తాటాకు ఇళ్లను తుడిచిపెట్టే అగ్నిప్రమాదాల గురించి జనం రాశారు, హిక్కీ అచ్చువేశాడు. అంతకుముందు ఊరి బాధ అధికారికి చెప్పుకోవాలంటే అర్జీ రాసి గుమ్మం దగ్గర నిలబడాల్సిందే. ఇప్పుడు అదే బాధను శనివారం ఉదయం ఊరంతా చదువుతోంది. జీతాలు, పదోన్నతులు సరిగా అందని కింది స్థాయి సైనికాధికారుల గోడు కూడా ఆయన పత్రికలోకి ఎక్కింది.

అదే ఏడాది దక్షిణాదిన హైదరాలీతో యుద్ధం మొదలైంది. సెప్టెంబరు 10న కంచి దగ్గర పొల్లిలూరులో కంపెనీ సేన చావుదెబ్బ తిన్నది. హిక్కీకి పుస్తకం పని ఇచ్చిన అయిర్ కూట్ మద్రాసును కాపాడటానికి కలకత్తా నుంచి ఓడలో బయల్దేరాడు. అక్టోబరులో మన విశాఖపట్నంలో సిపాయిలు ఆ యుద్ధానికి ఓడ ఎక్కబోమని తిరగబడ్డారు. పైవాళ్ల నిర్ణయాలకు కింది సైనికులు ప్రాణాలు చెల్లిస్తున్న రోజులవి. ఆ యుద్ధాన్ని హిక్కీ పత్రిక కంపెనీ ఇష్టపడేలా రాయలేదు.

పేచీ ఎలా ముదిరింది

హిక్కీ ఉద్యమకారుడిగా పుట్టలేదు. బతుకుతెరువు కోసం పత్రిక పెట్టాడు. ఆయనను మార్చింది పోటీ. మెస్సింక్, పీటర్ రీడ్ అనే ఇద్దరు ఇండియా గెజిట్ పేరుతో మరో వారపత్రికకు సిద్ధమయ్యారు. వారికి కంపెనీ అండ ఉంది, తపాలా ఖర్చు లేకుండా పంపుకునే సౌకర్యం దొరికింది. అచ్చు అక్షరాలు ఇచ్చింది మిషన్ చర్చి పాదరీ కియర్నాండర్. ఈ పోటీ పత్రిక వెనక ఉన్నది సిమియన్ డ్రోజ్ అనే కంపెనీ అధికారి అని హిక్కీ రాశాడు. హేస్టింగ్స్ భార్యను మంచి చేసుకుంటే పని జరుగుతుందని ఆ అధికారి సూచించాడని, తాను ఒప్పుకోనందుకే పోటీ పత్రికను ఎగదోస్తున్నాడని అచ్చువేశాడు.

ఇంకేముంది. 1780 నవంబరు 14న హేస్టింగ్స్ కౌన్సిల్ ఉత్తర్వు వేసింది. హిక్కీ పత్రికను కంపెనీ తపాలా మోయదు. నాలుగు రోజులకే, నవంబరు 18న, ఇండియా గెజిట్ తొలి సంచిక వచ్చింది. తపాలా లేదంటే మద్రాసు, పాట్నా, కంటోన్మెంట్ల పాఠకులంతా ఒక్క సంతకంతో పోయినట్టే. ఒక ఇంజనీరుగా ఈ ఉత్తర్వును చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. పత్రిక అనే యంత్రంలో ఎక్కడ పిన్ను లాగితే చక్రం ఆగుతుందో వాళ్లకు బాగా తెలుసు. ఒక్క వాక్యాన్ని కూడా నిషేధించలేదు, మోయడం మానేశారంతే.

హిక్కీ తగ్గలేదు. ఊళ్లో పంచడానికి హర్కారాలను సొంతంగా పెట్టుకున్నాడు. పత్రిక పేరులో అసలైనది అనే అర్థమొచ్చే మాట చేర్చాడు. మన ఊళ్లో మిఠాయి కొట్లవాళ్లు మాకు బ్రాంచీలు లేవని బోర్డు పెట్టుకోవడం గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఆ తర్వాత ఆయన కలం ఎవర్నీ వదల్లేదు. హేస్టింగ్స్‌ను నియంత అన్నాడు, మొగలు చక్రవర్తి అన్నాడు. యుద్ధాలకు డబ్బు తగలేస్తున్నాడని రాశాడు. కలకత్తా ఇళ్లపై పన్ను వేయబోతే, అడిగే హక్కు లేని జనం మీద పన్నేమిటని నిలదీశాడు. ఇంపీకి పెట్టిన పేరు పూల్‌బందీ. నదుల గట్లు, వంతెనల మరమ్మతును అక్కడ పూల్‌బందీ అనేవారు. ఆ లాభసాటి కాంట్రాక్టు ఇంపీ బంధువు ఫ్రేజర్‌కు దక్కింది. ప్రధాన న్యాయమూర్తికి గట్ల పని పేరు అతికించడంతో ఊరంతా పగలబడి నవ్వింది.

ఇక్కడే ఆగి చూడాల్సిన సంగతి ఒకటుంది. పాదరీ కియర్నాండర్ స్వీడన్ దేశస్థుడు. కడలూరులో పనిచేసి, 1758లో కలకత్తా వచ్చి, బడి నడిపి, 1770లో సొంత డబ్బుతో చర్చి కట్టించాడు. ఎర్రరంగు వల్ల దాన్ని లాల్ గిర్జా అంటారు. ఆయన అనాథల నిధి సొమ్ము వాడుకుంటున్నాడని, చర్చిని అమ్మజూస్తున్నాడని హిక్కీ రాశాడు. తన పోటీదారుకి అక్షరాలు ఇచ్చాడన్న కోపం ఆ రాతలో లేదని చెప్పడం కష్టం. గవర్నర్ జనరల్‌ను నిలదీసిన కలమే, తన దారికి అడ్డొచ్చిన ముసలి పాదరీ మీదకి కూడా వెళ్లింది. అందమైన పేర్లు పెట్టి ఆడవాళ్ల ముచ్చట్లు, పెళ్లి వదంతులు కూడా ఆ పత్రికలో వచ్చేవి. అందుకే కొందరు చరిత్రకారులు ఆయనను వట్టి బూతు పత్రికవాడిగా కొట్టిపారేశారు.

విచారణ

రాతలు ముదిరేకొద్దీ ప్రమాదమూ ముదిరింది. ఒక రాత్రి ఆయుధాలతో కొందరు తన ఇంట్లోకి చొరబడబోయారని, అది తన ప్రాణం తీసే ప్రయత్నమని హిక్కీ పత్రికలోనే రాశాడు. 1781 జూన్‌లో సాయుధులైన మనుషులు వచ్చి ఆయనను పట్టుకెళ్లారు. హేస్టింగ్స్, కియర్నాండర్ ఇద్దరూ పరువు నష్టం కేసులు పెట్టారు. జామీను 80,000 రూపాయలని తేల్చారు. రూపాయి పత్రిక అమ్ముకునే మనిషికి అది 80,000 ప్రతుల సొమ్ము. అంత ఆయన జన్మలో చూసి ఉండడు. విచారణ దాకా జైల్లోనే ఉన్నాడు.

బల్ల మీద కూర్చున్నది ఎవరంటే, పూల్‌బందీ అని ఊరు నవ్విన ఎలైజా ఇంపీ. కేసు పెట్టింది ఆయన స్నేహితుడు. ఇంతటి ప్రతికూల పరిస్థితిలోనూ జ్యూరీలో కూర్చున్న ఊరి జనం ఒక అభియోగంలో హిక్కీని నిర్దోషి అన్నారు. నాకు ఈ కథలో బాగా నచ్చిన ఘట్టం ఇదే. వాళ్లు హిక్కీ స్నేహితులు కారు, విప్లవకారులు అసలే కారు. కంపెనీ నీడలో వ్యాపారాలు చేసుకునే మామూలు గృహస్థులు. అయినా గవర్నర్ జనరల్ కోరిన తీర్పు చెప్పలేకపోయారు.

మిగతా అభియోగాల్లో శిక్ష పడింది. కియర్నాండర్ కేసులో నాలుగు నెలల జైలు, 500 రూపాయల జరిమానా. హేస్టింగ్స్ కేసుల్లో అంతకన్నా ఎక్కువ శిక్ష, ఎక్కువ జరిమానా.

జైలు నుంచి తొమ్మిది నెలలు

పత్రిక ఇక్కడితో ఆగుతుందని అంతా అనుకున్నారు. ఆగలేదు. జైలు గదిలో రాయడం, అక్కడి నుంచే అచ్చు పని చూసుకోవడం, శనివారం నాటికి సంచిక ఊళ్లోకి పంపడం కొనసాగించాడు. ఒక వారం కాదు, రెండు వారాలు కాదు, తొమ్మిది నెలలు. తొలిసారి జైల్లో అప్పులవాడిగా అచ్చు నేర్పు బయటికి తీసిన మనిషికి జైలు గోడలు కొత్త కాదు. తగ్గి రాసి ఉంటే త్వరగా బయటపడేవాడేమో. ఆయన తగ్గలేదు. న్యాయమూర్తుల అవినీతి మీద, పాలకుల మీద ఇంకా ఘాటుగా రాశాడు.

హేస్టింగ్స్ 1782 మొదట్లో మళ్లీ కేసులు వేశాడు. ఈసారి జరిమానాలతో సరిపెట్టలేదు. 1782 మార్చి చివర కోర్టు ఆదేశంతో ఆయన అచ్చు అక్షరాలు జప్తు చేశారు. తపాలా తీసేస్తే హర్కారాలను పెట్టుకున్నాడు, జైల్లో వేస్తే జైల్లోంచే అచ్చువేశాడు. అక్షరాలే తీసుకుపోతే ఇక చేయగలిగింది లేదు. రెండేళ్ల రెండు నెలలు నడిచిన పత్రిక ఆగిపోయింది. ఆ సామగ్రి వేలంలో పోటీ పత్రిక ఇండియా గెజిట్ చేతికే వెళ్లింది. సీసం ముక్కకు యజమాని ఎవరో తెలియదు. నిన్న హేస్టింగ్స్‌ను తిట్టిన అక్షరాలే మర్నాటి నుంచి ఆయన మెచ్చే వార్తలు కూర్చాయి.

జరిమానాలు కట్టలేక హిక్కీ మరి కొన్నేళ్లు జైల్లోనే మగ్గాడు. 1784 చివర, ఇంగ్లండు తిరిగి వెళ్లబోయే ముందు హేస్టింగ్స్ తనకు రావాల్సిన సొమ్ము వదులుకోవడంతో బయటికొచ్చాడు. అప్పటికి ఆయన చేతిలో యంత్రం లేదు, ఆరోగ్యమూ లేదు. కొంత వైద్యం, కొంత చిల్లర వ్యాపారంతో పేదరికంలోనే రోజులు నెట్టాడు. 1802 అక్టోబరులో చైనా వెళ్తున్న ఓడలో చనిపోయాడు. ఓడ మీద ఇండియాకు వచ్చిన మనిషి ఓడ మీదే పోయాడు.

మిగిలినవాళ్ల సంగతి

ఇంపీని 1782లోనే ఇంగ్లండు వెనక్కి పిలిచింది. ఆయన మీద పార్లమెంటులో అభిశంసన తీర్మానం పెట్టారు, అది వీగిపోయింది. హేస్టింగ్స్ మీద అభిశంసన విచారణ 1788లో మొదలై ఏడేళ్లు సాగింది. చివరికి నిర్దోషిగా బయటపడ్డా, ఖర్చులతో చితికిపోయాడు. కియర్నాండర్ ఆర్థికంగా దివాలా తీసి, 1787లో ఆయన కట్టించిన చర్చే అప్పుల కింద జప్తయింది. చార్లెస్ గ్రాంట్ అనే కంపెనీ అధికారి 10,000 రూపాయలకు కొని దాన్ని కాపాడాడు. హిక్కీ, ఆయన రాతకు గురైన పాదరీ, ఇద్దరూ లేమిలోనే పోయారు.

హిక్కీ పోయినా వారపత్రిక ఆగలేదు. 1785లో మద్రాస్ కొరియర్, 1789లో బొంబాయి హెరాల్డ్ వచ్చాయి. కంపెనీ కూడా పాఠం నేర్చుకుంది. ఒక్కో మనిషి మీద కేసు వేయడం కన్నా అందరికీ కలిపి ఒక చట్రం బిగించడం తేలికని గ్రహించి, 1799లో వెల్లస్లీ ముందస్తు సెన్సారు తెచ్చాడు. సర్కారు చూడకుండా పత్రిక అచ్చు కాకూడదు. మన తెలుగులో దాదాపు వందేళ్ల తర్వాత 1874లో కందుకూరి వీరేశలింగం వివేకవర్ధని తెచ్చి, ఊళ్లోని అధికారుల, వకీళ్ల లంచాలను బయటపెట్టినప్పుడు, ఆయనా బెదిరింపులు, కేసులు చూశాడు. పద్ధతి ఎక్కడైనా ఒక్కటే.

ఈనాడు హిక్కీ పత్రిక ప్రతులు కొద్దిగానే మిగిలాయి. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, కోల్‌కతా జాతీయ గ్రంథాలయంలో భద్రపరిచారు. ఆ జాతీయ గ్రంథాలయం అలీపూర్‌లో బెల్వెడేర్ ఆవరణలో ఉంది. హేస్టింగ్స్, ఫ్రాన్సిస్ పిస్తోళ్లు పేల్చుకున్నది ఆ పక్కనే. నేను కోల్‌కతాలో ఉన్న రోజుల్లో ఆఫీసు నుంచి నడిచి లాల్ గిర్జా వైపు చాలాసార్లు వెళ్లాను. ఇప్పుడు దాన్ని ఓల్డ్ మిషన్ చర్చి అంటారు. డల్‌హౌసీ స్క్వేరు రద్దీలో చుట్టూ ఆఫీసులు, టీ కొట్లు, గుంపులు గుంపులుగా జనం. ఆ గుమ్మం దగ్గర నిలబడ్డ ప్రతిసారీ మా సోషల్ మాస్టారు గుర్తొచ్చేవారు.

ఆ రెండు సంగతులు

మాస్టారు చెప్పకుండా వదిలేసిన రెండు సంగతులు ఇవే అనుకుంటున్నాను. ఒకటి, నిజం రాస్తే పెద్దవాళ్లు ఊరుకోరు. తపాలా ఆపుతారు, పోటీని దించుతారు, జామీను పెంచుతారు, చివరికి అక్షరాలే ఎత్తుకుపోతారు. అయినా రాసేవాడు రాయాలి. హిక్కీ తొమ్మిది నెలలు జైల్లోంచి రాసినది అందుకే మనకు గౌరవప్రదం. రెండోది, రాసేవాడి చేతిలో కూడా ఒక అధికారం ఉంటుంది. గవర్నర్ జనరల్ మీద ఎత్తిన కలాన్ని, ఎదురు చెప్పుకునే దారి లేని మనిషి మీద కూడా ఎత్తొచ్చు. అప్పుడు ఎవరూ మనల్ని ఆపరు. మన బుద్ధే ఆపాలి.

మా గోడపత్రిక చిరిగిపోయినప్పుడు నేను చాలా రోజులు హీరోలా తిరిగాను. మా గొంతు నొక్కేశారని స్నేహితులతో చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే, ఆ ఏడాది చింతకాయల్ని బడి తరఫున వేలం వేశారు. పాట పాడుకున్న వ్యాపారి బస్తాలు బండికి ఎక్కించడానికి అటెండరుని సాయం అడిగాడు. రాత్రిపూట ఆయన చేసింది ఆ పనే. ఆ సంగతి మాకు మర్నాడే తెలిసింది. షీటు చింపింది పెద్ద సార్ కాదు, ఆ అటెండరే. చింపి ఏమీ అనకుండా వెళ్లి గంట కొట్టాడు. ఆ సోమవారం ఆయన మొహం చూడలేక నేను బడికి వెనక గేటు నుంచి వచ్చాను.

పత్రికలు తప్పు అచ్చయితే తర్వాతి సంచికలో సవరణ వేస్తాయి. మా పత్రికకు తర్వాతి సంచిక లేకపోయింది. ఆ మనిషి ఇప్పుడు లేరు. ఆయన పిల్లలు మన బడిలోనే చదివారు, వాళ్లలో ఒకరు ఈ సంచిక చదవొచ్చు. అందుకే ఆలస్యంగానైనా ఆ సవరణ ఇక్కడ వేస్తున్నాను. మేం రాసింది అబద్ధం. ఆయన చింతకాయలు అమ్ముకోలేదు. ఆ పేరు పెట్టింది నేను. క్షమించమని అడుగుతున్నాను.

ఇప్పుడు మన బడిలో మళ్లీ గోడపత్రిక మొదలుపెడుతున్నారని విన్నాను. చాలా సంతోషం. డ్రాయింగు షీట్లు, రంగులకయ్యే ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది. పిల్లల్ని ట్యాంకు గురించి నిర్భయంగా రాయనివ్వండి. మనిషి గురించి రాసేముందు మాత్రం, ఒక్కసారి వెళ్లి ఆ మనిషిని అడిగి రమ్మని చెప్పండి.

— 1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి, ఇంజనీరు